జిన్మియం: 1,16,000 ఏళ్ల పొర 10,000 ఏళ్ల లోపుకి ఎలా వచ్చింది

ఆస్ట్రేలియా ఉత్తర కొసన, కింబర్లీ ప్రాంతంలో, నార్తర్న్ టెరిటరీ హద్దులోపల, జిన్మియం అనే ఇసుకరాతి రాక్ షెల్టర్ (రాతి చూరు) ఉంది. 1996లో రిచర్డ్ ఫుల్లగర్, డేవిడ్ ప్రైస్, లెస్లీ హెడ్ అక్కడి తవ్వకం ఫలితాలు ప్రచురించారు. రాతి పనిముట్లు దొరికిన అడుగు పొరలకు థర్మోల్యూమినిసెన్స్ (ఇసుక రేణువును వేడి చేస్తే వచ్చే వెలుగుతో కొలిచేది, ఇకపై టీఎల్) వయసు 1,16,000 నుంచి 1,76,000 ఏళ్లని తేలింది. రాతి మీద గుండ్రంగా తొలిచిన గుంటలు మట్టిలో కప్పబడి ఉన్నాయి. వాటిని ఆనుకుని ఉన్న మట్టికి 50,000 నుంచి 75,000 ఏళ్లు వచ్చాయి. ఆస్ట్రేలియాలో మనిషి అడుగుపెట్టి 50,000–60,000 ఏళ్లయిందన్నదే అప్పటికి ఉన్న పై అంచనా. జిన్మియం దాన్ని ఒక్కసారిగా రెట్టింపు చేసింది.

1998లో రిచర్డ్ రాబర్ట్స్ బృందం అదే నిక్షేపాన్ని మళ్లీ కొలిచి నేచర్‌లో ప్రచురించింది. రేణువులను గుంపుగా పెట్టి కాంతితో ప్రేరేపించి కొలిస్తే అడుగు పొర సుమారు 22,000 ఏళ్లు. ఒక్కో రేణువునూ విడిగా కొలిస్తే నిక్షేపం మొత్తం 10,000 ఏళ్ల లోపే. పై మూడింట రెండు వంతుల మట్టిలోని బొగ్గు ముక్కలకు రేడియోకార్బన్ ఇచ్చిన వయసులు కూడా హోలోసీన్ చివరి భాగానివే, అంటే గత కొన్ని వేల ఏళ్లవే.

ఒకే నిక్షేపానికి మూడు వయసులు. ఈ కేసులో అసలు చిక్కు ఇసుక ఎక్కడి నుంచి వచ్చిందన్న దగ్గర ఉంది. ఆ ప్రశ్న తేలకముందే వేల రేణువుల వెలుగును ఒక సంఖ్యగా కలిపేశారు. గుహల్లో, రాతి చూర్ల కింద నమూనా తీసే ఎవరైనా ఈ కేసును మెట్టు మెట్టుగా చూడాలని మా గట్టి అభిప్రాయం.

గడియారం ఎలా నడుస్తుంది

చుట్టూ ఉన్న యురేనియం, థోరియం, పొటాషియం నుంచి వచ్చే రేడియేషన్, దానికి తోడు కాస్మిక్ కిరణాలు, క్వార్ట్జ్ స్ఫటికంలోని లోపాల దగ్గర ఎలక్ట్రాన్లను చిక్కబెడుతూ పోతాయి. ఎండ తగిలితే అవి విడుదలైపోతాయి, పలక తుడిచినట్టు గడియారం సున్నాకి వస్తుంది. రేణువు మట్టిలో కప్పబడ్డాక మళ్లీ నిండడం మొదలవుతుంది. ల్యాబ్‌లో వేడితో గానీ కాంతితో గానీ ఆ ఎలక్ట్రాన్లను వదిలిస్తే వెలుగు వస్తుంది. అంత వెలుగు రావడానికి ఎంత రేడియేషన్ డోసు కావాలో కనుక్కుంటాం. ఆ డోసును (గ్రే అనే కొలమానంలో) ఏటా అందే డోసు రేటుతో భాగిస్తే వయసు వస్తుంది. డోసు 5 గ్రే, రేటు వెయ్యేళ్లకు 1 గ్రే అయితే 5,000 ఏళ్లు.

లెక్క సులువే. పూడ్చబడేనాటికి గడియారం నిజంగా సున్నాలో ఉందన్న నమ్మకం మీదే అదంతా నిలబడింది.

వేడితో కొలిచే టీఎల్‌కి ఇక్కడే ఇబ్బంది. టీఎల్‌లో వాడే ట్రాపులు (ఎలక్ట్రాన్లు చిక్కుకునే లోపాలు) కొన్ని ఎండకు త్వరగా ఖాళీ కావు. గంటలు, ఒక్కోసారి రోజులు ఎండలో ఉన్నా కొంత సిగ్నల్ మిగిలే ఉంటుంది. ఆ మిగులు ఎంతో అంచనా వేసి తీసివేయాలి. కాంతితో ప్రేరేపించే ఓఎస్ఎల్ (ఆప్టికల్లీ స్టిమ్యులేటెడ్ ల్యూమినిసెన్స్) పద్ధతిలో క్వార్ట్జ్ సిగ్నల్‌లో త్వరగా చెరిగే భాగం నేరుగా ఎండ పడితే కొన్ని సెకన్లలోనే దాదాపు పూర్తిగా పోతుంది. చూరు కింద నీడలోనే తిరిగే ఇసుకకు ఈ తేడా చాలా పెద్దది.

మూడు వయసులు ఎందుకు వచ్చాయి

ఇసుకరాతి చూరు కింద ఇసుక రెండు దారుల్లో చేరుతుంది. ఒకటి, బయటి నేల మీద నుంచి గాలికో వాననీటికో కొట్టుకొచ్చేది. ఇది ఎండ చూసిన ఇసుక. రెండోది, పైకప్పు నుంచి, గోడల నుంచి రాలిన రాయి మట్టిలో కూరుకుపోయి, అక్కడే చీకట్లో కుళ్లి విడిపోయిన ఇసుక. ఈ రెండో రకం రేణువు రాతిలో ఉన్నంత కాలం డోసు తింటూనే ఉంది. దాని ట్రాపులు ఎప్పుడో నిండిపోయాయి. అది మనిషి వదిలిన పనిముట్టు పక్కన పడి ఉన్నా, దాని గడియారం చూపించేది కొండ కథే.

గుంపుగా కొలిస్తే ఏమవుతుందో ఒక ఊహాలెక్క చూడండి. 100 రేణువుల్లో 95 నిజంగా 5 గ్రేలవి, 5 మాత్రం నిండిపోయి 150 గ్రే చూపిస్తున్నాయి అనుకుందాం. అన్నీ సమానంగా వెలిగితే సగటు (475 + 750) ÷ 100 = 12.25 గ్రే. వెయ్యేళ్లకు 1 గ్రే రేటు దగ్గర 5,000 ఏళ్ల పొర 12,250 ఏళ్లదైపోతుంది. కేవలం అయిదు శాతం రేణువులు చేసిన పని ఇది. నిజానికి రేణువులన్నీ సమానంగా వెలగవు. చాలా నమూనాల్లో వచ్చే వెలుగంతా పదో వంతు కంటే తక్కువ రేణువుల నుంచే వస్తుంది. ఆ కొద్దిమందిలో ఒక కొండ రేణువు ఉంటే ఆ డిస్కు (రేణువులు పెట్టి కొలిచే పళ్లెం) వయసంతా దాని చేతిలోనే.

జిన్మియంలో టీఎల్ దగ్గర రెండు తప్పులూ కలిశాయి. నెమ్మదిగా చెరిగే సిగ్నల్ ఒకవైపు, చెరగని రేణువుల కలయిక మరోవైపు. గుంపు ఓఎస్ఎల్‌కి మారగానే మొదటిది పోయి అడుగు వయసు 22,000కి దిగింది. ఒక్కో రేణువుకి మారాక రెండోది కూడా బయటపడి 10,000 లోపుకి వచ్చింది. పాతవిగా కనిపించిన రేణువులకు పూడ్చబడేముందు తగినంత ఎండ తగల్లేదని రాబర్ట్స్ బృందం తేల్చింది. ఇలాంటి రేణువులు కలిసిన నమూనాలో టీఎల్ అయినా ఓఎస్ఎల్ అయినా గుంపు కొలత వయసును పెంచే చూపిస్తుందని కూడా స్పష్టంగా రాసింది.

పొర దగ్గర చేయాల్సినవి

గోడ శుభ్రంగా చెక్కాక, 4–5 సెంటీమీటర్ల వ్యాసం, 20–30 సెంటీమీటర్ల పొడవున్న స్టీలు గొట్టాన్ని ఒక చివర నల్ల ప్లాస్టిక్ కుక్కి, సుత్తితో పొరలోకి దింపుతాం. గొట్టం పూర్తిగా నిండాలి. ఖాళీ ఉంటే రవాణాలో ఇసుక కదిలి, వెలుతురు తగిలిన చివరి రేణువులు లోపలివాటితో కలిసిపోతాయి. జిన్మియం లాంటి కేసులో ఒకటి రెండు శాతం కలగాపులగం కూడా ఫలితాన్ని మార్చేస్తుంది కాబట్టి దీన్ని చిన్న విషయంగా తీసుకోకూడదు.

రాళ్లు ఎక్కువున్న పొరలో గొట్టం దిగదు. బలవంతంగా కొడితే రాలిన రాయి అక్కడికక్కడే నలిగి, మనమే కొండ రేణువులను నమూనాలోకి దింపిన వాళ్లమవుతాం. అలాంటప్పుడు రాత్రిపూట నల్ల టార్పాలిన్ కప్పి, ఎర్ర దీపం కింద పై 2–3 సెంటీమీటర్లు గీకి పారేసి, లోపలి మట్టిని రాళ్ల మధ్య నుంచి చెంచాతో తీసి నల్ల సంచుల్లో వేయడం మేలు.

మామూలు నమూనాలతో పాటు ఇంకో రెండు తప్పనిసరిగా తీసుకోవాలి. ఒకటి, ఇప్పటి నేల మీది పై సెంటీమీటరు మట్టి. దాని డోసు దాదాపు సున్నా రావాలి. రాకపోతే ఆ చూరు కింద ఈనాటికీ ఇసుక చెరగకుండానే చేరుతోందన్నమాట, కింది పొరలకూ అదే అనుమానం వర్తిస్తుంది. రెండోది, పైకప్పు రాయి ఒక ముక్క, పొరలో కుళ్లుతున్న రాయి ఇంకో ముక్క. వాటిలోంచి తీసిన రేణువులు ఎంత డోసు చూపిస్తాయో, ఎంత ప్రకాశంగా వెలుగుతాయో తెలిస్తే, తర్వాత గ్రాఫులో కనిపించే పాత గుంపు ఎవరిదో చెప్పగలం. ఈ రెండింటికీ కలిపి ల్యాబ్‌లో కొద్ది రోజుల పని. వీటిని వదిలేసిన రిపోర్టును మేము పూర్తి రిపోర్టుగా లెక్కపెట్టం.

డోసు రేటు కొలవడానికి, గొట్టం తీసిన రంధ్రంలోనే గామా స్పెక్ట్రోమీటరు పెట్టాలి. గామా కిరణాలు మట్టిలో సుమారు 30 సెంటీమీటర్ల దూరం నుంచి వస్తాయి. పక్కన పెద్ద బండ ఉంటే దాని వాటా కూడా అందులో ఉంటుంది. సంచిలో తెచ్చిన అర కిలో మట్టికి ఆ బండ సంగతి తెలియదు.

ఎర్రదీపం కింద

గొట్టం రెండు చివర్ల నుంచి 2–3 సెంటీమీటర్లు తీసి తేమకూ, డోసు రేటుకూ వాడుకుంటాం. మధ్య భాగాన్నే వయసు కోసం తీసుకుంటాం. తడి జల్లెడతో 180–212 మైక్రాన్ల రేణువులు వేరు చేయాలి. 10 శాతం హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో కార్బనేట్, హైడ్రోజన్ పెరాక్సైడుతో సేంద్రియ పదార్థం పోగొట్టాలి. తర్వాత సోడియం పాలీటంగ్‌స్టేట్ ద్రవంలో 2.62, 2.70 సాంద్రతల మధ్య నిలిచే భాగాన్ని తీసుకుంటే అది చాలావరకు క్వార్ట్జ్. కార్బనేట్ పూర్తిగా పోకుండా ఈ ద్రవంలో వేస్తే కాల్షియం దానితో కలిసి తెల్లటి కరగని పొడి దిగుతుంది. ఖరీదైన ద్రవం పాడవుతుంది, రేణువులకు అంటుకున్న పొడి వదలదు. సున్నపురాయి గుహల మట్టికి ఆమ్లం వేసి బుడగలు ఆగాక కూడా మరోసారి తాజా ఆమ్లం వేసి చూడాలి. కడగడానికి కుళాయి నీళ్లు వాడకూడదు, డిస్టిల్డ్ నీళ్లే.

చివర్లో గాఢ హైడ్రోఫ్లోరిక్ ఆమ్లంలో 40 నిమిషాలు. ఇది రెండు పనులు చేస్తుంది: మిగిలిన ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజాన్ని కరిగిస్తుంది, ఆల్ఫా కణాలు చొచ్చుకుపోయిన రేణువు పైపొరను దాదాపు 10 మైక్రాన్ల మేర తినేస్తుంది. ఈ ఆమ్లం గాజును కూడా తింటుంది కాబట్టి ప్లాస్టిక్ పాత్రలే వాడాలి. కాల్షియం గ్లూకోనేట్ జెల్ చేతికందే దూరంలో లేకుండా ఈ మెట్టు మొదలుపెట్టకూడదు. చర్మం మీద పడితే మొదట నొప్పి తెలియకపోవచ్చు, హాని మాత్రం లోపల జరుగుతూ ఉంటుంది. తర్వాత మళ్లీ హైడ్రోక్లోరిక్‌తో కడిగి, మళ్లీ జల్లెడ పట్టాలి. ఆమ్లం తిని సన్నబడిన రేణువులు వదిలేస్తే కొలత పళ్లెంలో ఒక గుంటలో రెండు చేరతాయి.

రేణువు రేణువుగా

ఇప్పటి యంత్రాల్లో ఒక్కో డిస్కు మీద 300 మైక్రాన్ల గుంటలు వంద ఉంటాయి, పది వరుసలు, వరుసకు పది. 532 నానోమీటర్ల పచ్చ లేజర్ ఒక్కో గుంట మీదికి వెళ్లి ఒకటి రెండు సెకన్లు వెలుగు వేస్తుంది. 90–125 మైక్రాన్ల రేణువులు ఇదే డిస్కులో వేస్తే ఒక గుంటలో చాలా రేణువులు పడతాయి. పేరుకి సింగిల్ గ్రెయిన్, నిజానికి చిన్న గుంపు. ఈ పొరపాటు ప్రచురించిన పట్టికల్లో కూడా కనిపిస్తుంది కాబట్టి రేణువు సైజు ఏమిటో మొదట చూసుకోవాలి.

కొలత వరుస ఇలా ఉంటుంది: సహజ సిగ్నల్, తర్వాత ఒక చిన్న టెస్ట్ డోసుకు సిగ్నల్, తర్వాత వరుసగా పెంచిన డోసులు, ప్రతిదాని వెనక అదే టెస్ట్ డోసు. టెస్ట్ డోసు సిగ్నల్‌తో భాగిస్తే రేణువు సున్నితత్వంలో వచ్చే మార్పు సర్దుబాటవుతుంది. కొలత ముందు 200 నుంచి 260 డిగ్రీల దాకా 10 సెకన్లు వేడి చేసి నిలకడ లేని సిగ్నల్ పోగొడతాం. వెలుగు వేసేటప్పుడు 125 డిగ్రీల దగ్గర ఉంచుతాం, ఎందుకంటే క్వార్ట్జ్‌లో 110 డిగ్రీల దగ్గర ఖాళీ అయ్యే ట్రాప్ ఆ వేడిలో ఎలక్ట్రాన్లను పట్టి ఉంచలేదు, విడుదలైనవి అందులో మళ్లీ చిక్కవు. ఏ వేడి సరిపోతుందో నమూనాను బట్టి తేల్చుకోవాలి. ఎండలో చెరిపేసిన రేణువులకు తెలిసిన డోసు ఇచ్చి, అదే తిరిగి వస్తుందో లేదో చూడడమే దానికి దారి. 10 శాతం లోపు తేడాతో వస్తే ముందుకు వెళ్లవచ్చు.

రేణువును ఒప్పుకోవాలా వద్దా అనే పరీక్షలు వేరే. మొదట ఇచ్చిన డోసును చివర్లో మళ్లీ ఇస్తే సిగ్నల్ 10 శాతం లోపు సరిపోలాలి. డోసు ఇవ్వకుండా కొలిస్తే సహజ సిగ్నల్‌లో 5 శాతం దాటకూడదు. పరారుణ కాంతికి సిగ్నల్ తగ్గితే లోపల ఫెల్డ్‌స్పార్ దాగి ఉందని అర్థం, దాన్ని తీసేయాలి. ఫెల్డ్‌స్పార్ సిగ్నల్ కాలంతో తనంతట తాను కరిగి వయసు తక్కువ చూపిస్తుంది. ఇవన్నీ దాటి మిగిలేవి కొద్దే. వెయ్యి రేణువులు పెడితే వందకు లోపు మిగలడం మామూలు విషయం. సైబీరియాలోని డెనిసోవా గుహకు 2019లో ప్రచురించిన 103 నమూనాల కాలక్రమం వెనక 2,80,000కు పైగా రేణువుల కొలత ఉంది. గుహ మట్టికి ఇలాంటి శ్రమ తప్పదు.

ఏ మోడల్, ఎందుకు

రేణువుల డోసులను రేడియల్ ప్లాట్ మీద వేయాలి. కుడివైపుకి వెళ్లేకొద్దీ కొలత కచ్చితత్వం పెరుగుతుంది. ఒకే వయసున్న రేణువులైతే 95 శాతం ఒక సన్నని పట్టీలో పడతాయి. జిన్మియం లాంటి నమూనాలో కింద ఒక చిన్న డోసు గుంపు, అక్కడి నుంచి పైకి విసనకర్రలా విచ్చుకున్న పాత రేణువులు కనిపిస్తాయి. కొలత దోషాలకు మించి మిగిలే ఈ చెదురుదనం, బాగా ఎండ తగిలిన నమూనాల్లో 10–20 శాతం ఉంటుంది. 40, 60 అయితే కారణం వెతకాలి.

సగటు లాంటి కేంద్ర వయసు మోడల్ చెదురుదనం తక్కువున్న చోట సరిపోతుంది. ఎండ తగలని రేణువులు కలిసిన చోట, అతి తక్కువ డోసున్న గుంపునే లెక్కలోకి తీసుకునే కనిష్ఠ వయసు మోడల్ కావాలి. ఈ లెక్కలను రెక్స్ గాల్‌బ్రైత్, రాబర్ట్స్, వాళ్ల సహచరులు 1999లో జిన్మియం రేణువుల మీదే పూర్తిగా పెట్టి చూపించారు. ఇప్పుడు గుహ డేటింగ్‌లో అందరూ వాడే పనిముట్లు చాలావరకు ఈ వివాదం నుంచే వచ్చాయి.

అయితే కనిష్ఠ మోడల్ ప్రతిచోటా పనికిరాదు. చెదపురుగులు, చెట్ల వేర్లు, గోతులు తవ్వే జంతువులు పైనున్న కొత్త ఇసుకను కిందికి దించితే, కనిష్ఠ గుంపు అంటే ఆ చొరబడ్డ రేణువులే. అప్పుడు ఆ మోడల్ పొర వయసును తప్పుగా తగ్గిస్తుంది. గ్రాఫు చూస్తే రెండు కేసులూ ఒకేలా ఉండవచ్చు. తేడా మట్టిలోనే కనిపిస్తుంది: రంధ్రాల జాడలు, విరిగిన పనిముట్ల ముక్కలు ఎంత లోతు తేడాతో అతుకుతున్నాయి, బొగ్గు వయసులు లోతుతో పాటు వరుసగా పెరుగుతున్నాయా. జిన్మియంలో రేడియోకార్బన్ వయసులు తోడుగా నిలిచాయి కాబట్టే చిన్న వయసుకు బలం వచ్చింది.

అదే నార్తర్న్ టెరిటరీలో, కాకడూ దగ్గర మలకునాంజా రెండో చూరు (ఇప్పుడు మజెద్‌బెబె) కథ దీనికి ఎదురుగా నడిచింది. 1990లో అక్కడ టీఎల్ 50,000–60,000 ఏళ్లు చెప్పింది. తర్వాత ఒక్కో రేణువు కొలత దాన్ని పడగొట్టకుండా బలపరిచింది. 2017లో వచ్చిన పెద్ద తవ్వకం రిపోర్టు అడుగు పనిముట్ల పొరను సుమారు 65,000 ఏళ్లకు తీసుకెళ్లింది. అక్కడి ఇసుక ఎండ చూసిన బయటి ఇసుక. అందువల్ల టీఎల్ అంటేనే తప్పు అన్న తీర్పుకు జిన్మియం ఆధారం కాదు. మజెద్‌బెబెలో మిగిలిన వాదనంతా పనిముట్లు, ఇసుక కలిసే కదిలాయా, చెదపురుగులు ఎంత పని చేశాయి అన్న దాని మీదే సాగుతోంది. అది సరైన చోట జరుగుతున్న వాదన.

డోసు రేటు వైపు చిక్కులు

చెదురుదనానికి కారణం ప్రతిసారీ ఎండ కాదు. బీటా కణాలు రెండు మూడు మిల్లీమీటర్లే వెళ్తాయి. స్వచ్ఛమైన క్వార్ట్జ్ ఇసుకలో రేడియోధార్మికత తక్కువ, ఆ తక్కువలో కూడా ఎక్కువ భాగం అక్కడక్కడా ఉన్న పొటాషియం ఫెల్డ్‌స్పార్, జిర్కాన్ రేణువుల నుంచే వస్తుంది. వాటి పక్కన పడ్డ క్వార్ట్జ్‌కు ఎక్కువ, దూరంగా పడ్డదానికి తక్కువ డోసు అందుతుంది. ఇది కూడా గ్రాఫులో చెదురుగానే కనిపిస్తుంది. ఇక్కడ కనిష్ఠ మోడల్ వాడితే తప్పు.

తేమ ఇంకో ముల్లు. మట్టిలో నీరు ఒక శాతం పెరిగితే వయసు దాదాపు ఒక శాతం పెరుగుతుంది. తవ్వకాలు ఎండాకాలంలో జరుగుతాయి, కొలిచే తేమ ఆ రోజుది. రుతుపవనాల ప్రాంతంలో ఏడాది సగటు దానికంటే ఎక్కువే ఉంటుంది. కాబట్టి అదే మట్టిని నీళ్లతో పూర్తిగా నింపి గరిష్ఠం కొలిచి, రెంటి మధ్య ఒక విలువ తీసుకుని, తేడాను దోషంలో చూపించాలి.

కర్నూలు, నంద్యాల గుహలకు వచ్చేసరికి

జుర్రేరు లోయలోని జ్వాలాపురంలో ఇండోనేషియాలోని తోబా అగ్నిపర్వతం నుంచి వచ్చిన బూడిద కింద, పైన ఉన్న మట్టికి ఓఎస్ఎల్ వయసులు 77,000 (±6,000), 74,000 (±7,000) ఏళ్లు అని 2007లో ప్రచురించారు. ఆ పేపరు రచయితల్లో రాబర్ట్స్ కూడా ఉన్నారు. అది గుహ కాదు, బహిరంగ స్థలం. పైగా బూడిద స్వతంత్ర సాక్షిగా ఉంది. బేతంచెర్ల దగ్గర బిలస్వర్గం లాంటి గుహల్లో ఆ రెండు సౌకర్యాలూ లేవు. 1880లలో రాబర్ట్ బ్రూస్ ఫుట్ తవ్వించిన ఆ గుహలు సున్నపురాయివి. జిన్మియంలో లాగా పైకప్పే ఇసుకగా మారి పడే భయం ఇక్కడ తక్కువ. కానీ క్వార్ట్జ్ రేణువు గుహలోకి ఎలా వచ్చిందన్న ప్రశ్న అలాగే ఉంటుంది. పైనున్న పగుళ్ల గుండా వాననీటితో చీకట్లోనే జారి ఉండవచ్చు, లేదా లోపలే ఉన్న పాత మట్టి కోసుకుపోయి మళ్లీ పేరుకుని ఉండవచ్చు.

డోసు రేటు కూడా ఇక్కడ వేరే. సున్నపురాయి ముక్కల్లో రేడియోధార్మికత చాలా తక్కువ, ఎర్రమట్టిలో ఎక్కువ. రేణువు ఏ పక్కన పడిందన్నదాన్ని బట్టి రేటు మారుతుంది. పొర ఏర్పడ్డాక ఎప్పుడో కాల్సైట్‌ (సున్నపు ఖనిజం)తో గట్టిపడి ఉంటే, ఇప్పుడు కొలిచిన రేటు మొదటి వేల ఏళ్లకు వర్తించదు. కాల్సైట్ చేరకముందు ఎక్కువ రేటు ఉండేది, కాబట్టి ఇప్పటి రేటుతో భాగిస్తే వయసు పెరిగిపోతుంది. గట్టిపడ్డ భాగం ఎంతో మైక్రోస్కోపు కింద పల్చటి కోతల్లో చూసి, గట్టిపడ్డ పొరకూ వదులుగా ఉన్న పక్క పొరకూ విడివిడిగా నమూనాలు తీసి, రెండు రేట్లతోనూ వయసు లెక్కకట్టి పట్టికలో పక్కపక్కన పెట్టాలి. ఆ తర్వాత ఏ విలువను నమ్మాలన్నది పొరను చేత్తో తాకి చూసిన తవ్వకందారుతో కలిసి కూర్చుని తేల్చుకోవాల్సిన విషయం.